డార్క్ మ్యాటర్ రకం మారితే నక్షత్రాల వయసు ఎందుకు మారాలి?

చుక్కలపిచ్చి (అమలాపురం)
అందరికీ నమస్కారమండి. డిగ్రీ రెండో ఏడు, ఫిజిక్స్. ఒక డౌట్ కొన్నాళ్లుగా బుర్ర తినేస్తోంది. డార్క్ మ్యాటర్ వెలుగుతో కలవదు, గురుత్వంతో లాగడం తప్ప ఇంకేం చెయ్యదు అంటారు. నక్షత్రమేమో హైడ్రోజన్ కాల్చుకుంటూ తన మానాన తాను ముసలిదవుతుంది. సూర్యుడికి 457 కోట్ల ఏళ్లు అన్నది ఉల్కల్లో యురేనియం, సీసం పాళ్లు చూసి కట్టిన లెక్క, అందులో డార్క్ మ్యాటర్ ఊసే లేదు. కానీ డార్క్ మ్యాటర్ 'చల్లనిది' అయితే గెలాక్సీల్లో నక్షత్రాల వయసులు ఒకలా, 'వెచ్చనిది' అయితే ఇంకోలా వస్తాయని చదివాను. అదెలాగండీ? కాలేజీలో అడిగితే సిలబస్‌లో లేదు వదిలెయ్ అన్నారు.

రొయ్యలరాజు (భీమవరం)
కనపడదు, చేతికి తగలదు, తూకానికి మాత్రం మామూలు సరుకు కంటే అయిదు రెట్లు తూగుతుందట. ఆ కాటా ఎక్కడ దొరుకుతుందో చెప్పండి బాబూ, మా చెరువు గట్టు మీద ఒకటి పెట్టుకుంటాను. కొనేవాడి కాటాతో పడలేకపోతున్నాం.

లంకమాస్టారు (రాజోలు)
రాజుగారూ, ఆ కాటా పేరు గురుత్వం, అది ఎవరి పక్షానా మొగ్గదు. 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా గెలాక్సీల గుంపుని చూసి, వాటి వేగానికి కనిపించే బరువు ఏ మూలకీ చాలదని, ఆ లెక్కన గుంపు ఎప్పుడో చెల్లాచెదురైపోయి ఉండాలని తేల్చాడు. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీ తిరుగుడు వేగం అంచుల వైపు కొలుచుకుంటూ పోయారు. దూరం వెళ్లేకొద్దీ వేగం పడిపోవాలి కదా, పడలేదు.

బాబూ చుక్కలపిచ్చీ, ఒక్కో నక్షత్రం వయసు వేరు, ఒక గెలాక్సీలో ఏ వయసు నక్షత్రాలు ఎన్నున్నాయన్నది వేరు. మొదటిదాన్ని డార్క్ మ్యాటర్ ముట్టుకోదు, అక్కడ నువ్వన్నదే నిజం. రెండోదానికి మాత్రం మూలం అదే. నక్షత్రం పుట్టాలంటే వాయువు ఒకచోట పోగుపడాలి, చల్లబడాలి, తన బరువుకి తానే కుంగాలి. పోగుపడే చోటు డార్క్ మ్యాటర్ ముద్ద. దాన్నే హేలో అంటారు. బిగ్ బ్యాంగ్ తర్వాత దాదాపు 3 లక్షల 80 వేల ఏళ్ల పాటు వెలుగు ఒత్తిడి మామూలు పదార్థాన్ని ముద్దకట్టనివ్వలేదు. డార్క్ మ్యాటర్‌కి ఆ బాధ లేదు, అది ముందే ముద్దకట్టడం మొదలెట్టేసింది. హేలోలు ఎప్పుడు సిద్ధమైతే పుట్టుకలు అప్పుడు మొదలు.

ఇక చల్లన, వెచ్చన అంటే తొలినాళ్లలో ఆ కణాలకున్న వేగం సంగతి. ధవళేశ్వరం కింద కాలవల్లో వరద రోజుల్లో నీరు ఉరకలేస్తుంటే సన్న ఒండ్రు అడుక్కి దిగదు, నీరు నెమ్మదించిన మలుపులోనే మేట వేస్తుంది. కణం జోరు మీదుంటే చిన్న ముద్దలో నిలవదు, దాటిపోతుంది, పెద్ద ముద్ద అయితేనే పట్టి ఆపగలదు. ఈ పోలికని ఇంతకంటే లాగకు, ఒండ్రుని నీరు మోస్తుంది, అక్కడ మోసేదంటూ ఏమీ లేదు.

న్యూట్రినోల్లాంటి, అంటే దాదాపు బరువు లేక కాంతి వేగానికి దగ్గరగా పరుగెత్తే 'వేడి' కణాలే అయితే ముందు బ్రహ్మాండమైన గుంపులు తయారై, అవి విరిగి గెలాక్సీలు కావాలి. 1983లో వైట్, ఫ్రెంక్, డేవిస్ కంప్యూటర్‌లో నడిపి చూస్తే ఆకాశంలో గెలాక్సీలు పరుచుకున్న తీరుకి పొంతనే కుదరలేదు. వేడి మోడల్ పని దాంతో దాదాపు అయిపోయింది. చల్లని మోడల్లో చిన్నవి ముందు, అవి కలిసి పెద్దవి తర్వాత. వెచ్చనిది ఈ రెంటికీ మధ్య. పెద్ద గెలాక్సీలు మామూలుగానే వస్తాయి, చిన్నవి ఆలస్యంగా వస్తాయి, మరీ చిన్నవి అసలు రావు.

చుక్కలపిచ్చి (అమలాపురం)
మాస్టారూ, ఇన్నాళ్లకి ఎవరో ఒకరు సరిగ్గా చెప్పారండి. అయితే ఆలస్యం అంటే ఎంత? మన పాలపుంతలో ముసలి నక్షత్రాలు లెక్కపెడితే ఏ మోడల్ నిజమో తెలిసిపోతుందా?

పాలకొల్లుపిల్ల (ప్రస్తుతం పుణె)
తమ్ముడూ, పాలపుంతలో వెతికితే తేలదు. మన హేలో బరువు సుమారు లక్ష కోట్ల సూర్యులంత, అంత పెద్దదాంట్లో ఈ తేడా ఆనవాలు లేకుండా కలిసిపోతుంది. పైగా ఎక్కడెక్కడో పుట్టినవి వచ్చి చేరాయి. 2018లో, నక్షత్రాల చోట్లూ కదలికలూ కొలిచే గయా ఉపగ్రహం డేటాతో బయటపడిన సంగతి వినే ఉంటావు, సుమారు 1000 కోట్ల ఏళ్ల కిందట ఓ మోస్తరు గెలాక్సీ మొత్తానికి మొత్తం వచ్చి మనదాంట్లో కలిసిపోయింది. తేడా చూడాలంటే మరుగుజ్జు గెలాక్సీల దగ్గరికి పోవాలి.

నేను చేసే పని సిమ్యులేషన్లే, అంటే గెలాక్సీల్ని కంప్యూటర్‌లో నడిపి చూడటమే కాబట్టి అక్కడ ఏం కనిపిస్తుందో చెప్తాను. చల్లని మోడల్లో పది లక్షల సూర్యుల బరువుండే బుల్లి హేలోలు బిగ్ బ్యాంగ్ అయిన 10, 20 కోట్ల ఏళ్లకే వచ్చేస్తాయి, మొదటి నక్షత్రాలు వాటిల్లోనే పుడతాయి. వెచ్చని మోడల్లో, కణం బరువు రెండు మూడు కిలో ఎలక్ట్రాన్ వోల్టులు అనుకో (కణాల బరువుకి వాడే కొలత ఇది, కణం తేలికయ్యేకొద్దీ వెచ్చన), ఆ బుల్లివి దాదాపు ఉండవు. 2007లో వచ్చిన ఒక సిమ్యులేషన్లో అయితే మొదటి నక్షత్రాలు గుండ్రటి హేలోల్లో కాకుండా పొడుగాటి వాయు తంతువుల వెంబడి పుట్టుకొచ్చాయి, ఆ బొమ్మలు మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఒకే మరుగుజ్జు గెలాక్సీని రెండు మోడల్స్‌లోనూ నడిపితే, వెచ్చనిదాంట్లో నక్షత్రాల పుట్టుక 100 కోట్ల ఏళ్లకి పైగా వెనకబడటం కూడా చూశారు. అంటే ఇవాళ ఆ గెలాక్సీని చూస్తే ముసలి నక్షత్రాలు తక్కువ ఉండాలి.

దీనికి తోడు ఒక గడువుంది, అసలు ఆటంతా అక్కడే. తొలి నక్షత్రాల అతినీలలోహిత కాంతి విశ్వంలోని హైడ్రోజన్‌ని తిరిగి అయనీకరించింది, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లని ఊడగొట్టింది, బిగ్ బ్యాంగ్ తర్వాత సుమారు 100 కోట్ల ఏళ్లకల్లా ఆ పని పూర్తయింది. వాయువు పది వేల డిగ్రీల దాకా వేడెక్కి చిన్న హేలోల పట్టు జారిపోయింది. చల్లని మోడల్లో బుల్లి గెలాక్సీ గడువులోపే కొన్ని వేల నక్షత్రాలని కని ఆగిపోతుంది. వెచ్చనిదాంట్లో హేలో సిద్ధమయ్యేసరికే గడువు దాటిపోతుంది, ఇక దానికి వాయువు ఎక్కడ మిగిలింది.

2014లో హబుల్ టెలిస్కోప్‌తో బూటీస్ 1, హెర్క్యులస్, లియో 4 లాంటి ఆరు అతి మసక మరుగుజ్జు గెలాక్సీల్ని చూశారు. వాటిల్లో ఎక్కువ భాగం నక్షత్రాలు ఆ గడువు చుట్టుపక్కలకల్లా పుట్టేసినవే. మరీ వెచ్చని మోడల్స్‌కి ఇది గట్టి దెబ్బ.

యానాంకెమెరా (యానాం)
ఒక్క మాట అడ్డుపడతాను. ఆరు గెలాక్సీల్లో నక్షత్రాలకి 1300 కోట్ల ఏళ్లని ఎలా తెలిసిందండీ? ఫోటోలో చుక్క చుక్కే కదా, నేను రాత్రంతా ఎక్స్‌పోజర్ పెట్టినా దాని నుదుటి మీద పుట్టినతేదీ కనపడలేదు.

అడ్మిన్
జాతకాల మీద పెట్టిన పోస్టులు తీసేశాను. అశ్విని, భరణి ఫలాలకి వేరే విభాగం ఉంది, దయచేసి అక్కడ.

లంకమాస్టారు (రాజోలు)
కెమెరా బాబూ, ఒక్క చుక్కకైతే కష్టమే, గుంపుకైతే వీలుంటుంది. ఒక గుంపులో నక్షత్రాలన్నీ మనకి ఇంచుమించు ఒకే దూరం. రంగుని అడ్డంగా, వెలుగుని నిలువుగా పెట్టి ఒక్కో నక్షత్రాన్నీ ఒక్కో చుక్కగా గుర్తుపెడితే ఏటవాలుగా ఒక పట్టీ వస్తుంది. ఎడమ పై మూల నీలం రంగు బరువైనవి, కుడి కింద ఎర్రగా తేలికైనవి. బరువైనవి దుబారా మనుషులు, ముందే హైడ్రోజన్ అవగొట్టుకుని పట్టీ వదిలి కుడివైపుకి, ఎరుపు వైపుకి మళ్లిపోతాయి. కాలం గడిచేకొద్దీ ఆ మలుపు కిందికి, మసక వైపుకి దిగుతూ ఉంటుంది. మలుపు ఎక్కడుందో చూసి వయసు చదువుతారు.

చిక్కంతా ఏమిటంటే 1200 కోట్ల ఏళ్లకీ 1300 కోట్ల ఏళ్లకీ మలుపులో తేడా వెంట్రుకవాసి. దూరంలో 5 శాతం తేడా వస్తే వయసులో దాదాపు 10 శాతం తేడా వచ్చేస్తుంది. తులా రాశి వైపు, సుమారు 200 కాంతి సంవత్సరాల దూరంలో హెచ్‌డి 140283 అని ఒక ముసలి నక్షత్రం ఉంది. 2013లో దానికి 1446 కోట్ల ఏళ్లు, 80 కోట్లు అటూ ఇటూ, అని లెక్క వచ్చింది. విశ్వానికే 1380 కోట్లు! పేపర్లన్నీ తల్లి కంటే పిల్ల పెద్దదని రాసేశాయి గానీ ఆ 'అటూ ఇటూ' ఎవరూ వెయ్యలేదు. తర్వాత వచ్చిన లెక్కలు దాని వయసుని ఇంకా కిందికి దించాయి.

తణుకుమూర్తి (తణుకు)
మాస్టారూ, మేడమ్ గారూ, అంతా బాగానే ఉంది గానీ లేని పదార్థానికి ఇన్ని రంగులేమిటండీ? చల్లన కుదరకపోతే వెచ్చన, అదీ కుదరకపోతే ఇంకోటి. 1983లోనే మిల్‌గ్రోమ్ చెప్పాడు, త్వరణం మరీ తక్కువైన చోట న్యూటన్ సూత్రాన్నే మార్చాలని. మోండ్ అంటారు దాన్ని. గెలాక్సీల తిరుగుడు వేగాలు అందులో హేలో అక్కర్లేకుండానే వస్తాయి. ఇంకో సంగతి, గెలాక్సీలు త్వరగా తయారవుతాయని మోండ్ వాళ్లు ముందు నుంచీ అంటున్నారు. జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోప్ వచ్చాక చూశారుగా, బిగ్ బ్యాంగ్ అయిన 29 కోట్ల ఏళ్లకే తయారైన గెలాక్సీ 2024లో దొరికింది, జేడ్స్ జీఎస్ జెడ్14-0 అని. దానికేమంటారు?

పాలకొల్లుపిల్ల (ప్రస్తుతం పుణె)
మూర్తిగారూ, తిరుగుడు వేగాల విషయంలో మోండ్‌కి మార్కులు వెయ్యాల్సిందే, మా ఫీల్డ్‌లో కాదనేవాళ్లు తక్కువ. కానీ 2006లో బుల్లెట్ క్లస్టర్ చూశారు కదా, రెండు గెలాక్సీల గుంపులు ఢీకొన్నాయి, వేడి వాయువు మధ్యలో చిక్కుకుపోయింది, బరువు మాత్రం గెలాక్సీలతో పాటు చెరో పక్కకీ వెళ్లిపోయింది. బిగ్ బ్యాంగ్ మిగిల్చిన మైక్రోవేవ్ వెలుగులో కనిపించే తరంగాల ఎత్తుపల్లాలు కూడా డార్క్ మ్యాటర్ లేకుండా కుదరడం చాలా కష్టం.

ఇక వెబ్ సంగతి. తొలినాటి గెలాక్సీలు అనుకున్న దానికంటే వెలుగుగా, అనుకున్న దానికంటే ఎక్కువగా కనిపించిన మాట నిజం. మన పుణె వాళ్లే 2025లో అలకనంద అని పేరు పెట్టిన గెలాక్సీని చూపించారు, విశ్వానికి 150 కోట్ల ఏళ్ల వయసప్పటికే చక్కగా రెండు చేతులు చాచిన సర్పిలం. ఇక్కడ గమనించాల్సింది, ఈ తొందర వెచ్చని మోడల్‌కి మరీ ఇబ్బంది, ఎందుకంటే అది పుట్టుకల్ని వెనక్కి నెట్టే మోడల్. చల్లని మోడల్‌కి ఇబ్బందా కాదా అన్నది ఇంకా నలుగుతోంది. ఎక్కువ వెలుగు అంటే ఎక్కువ బరువు కానక్కర్లేదు. నక్షత్రాలు విడతలు విడతలుగా ఒక్కసారిగా పుడితే ఆ సమయంలో చూసినవాడికి వెలుగు ఎక్కువే కనిపిస్తుంది, దుమ్ము తక్కువున్నా అంతే.

రకరకాల రంగులు అన్నారు, అందులో పాయింట్ ఉంది, కానీ రంగులన్నీ ఒకటి కాదు. 2000లో స్పెర్గెల్, స్టైన్‌హార్ట్ అన్న మోడల్‌లో డార్క్ మ్యాటర్ కణాలు ఒకదానికొకటి తగులుకుంటాయి. దానివల్ల హేలో నడిబొడ్డున సాంద్రత తగ్గుతుంది గానీ హేలో పుట్టే టైమ్ పెద్దగా మారదు, కాబట్టి నక్షత్రాల వయసులు దాన్ని పట్టించలేవు. తరంగంలా ప్రవర్తించే అతి తేలిక కణాల మోడల్ ఇంకోటి ఉంది, అది మాత్రం వెచ్చనిదానిలాగే చిన్న హేలోల్ని చెరిపేస్తుంది, అక్కడ వయసులు పనికొస్తాయి. ఏ మోడల్‌ని ఏ కొలతతో పట్టుకోవాలో తెలియకుండా అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలాగండీ.

రొయ్యలరాజు (భీమవరం)
అమ్మాయిగారూ, వింటుంటే బాగానే ఉంది. ఇంతకీ ఎవరికైనా ఒక్క కణం దొరికిందా లేదా? అవునా కాదా చెప్పండి చాలు.

పాలకొల్లుపిల్ల (ప్రస్తుతం పుణె)
లేదండి. అమెరికాలో నేల కింద సుమారు కిలోమీటరున్నర లోతున 10 టన్నుల ద్రవ జెనాన్ పెట్టుకుని కూర్చున్నారు, దొరకలేదు. మన దేశంలోనూ జార్ఖండ్‌లోని జాదూగూడ యురేనియం గనిలో 555 మీటర్ల లోతున ఒక ప్రయోగశాల ఉంది. అందుకే ఆకాశంలో వయసులు, గుంపులు, వేగాలు పట్టుకుని వేలాడటం.

చుక్కలపిచ్చి (అమలాపురం)
అక్కా, అయితే బుల్లి గెలాక్సీల్లో ముసలి నక్షత్రాలు దొరికాయి కాబట్టి చల్లనిదే నిజమని తేలిపోయినట్టేనా? పరీక్షలో రాసేయొచ్చా?

పాలకొల్లుపిల్ల (ప్రస్తుతం పుణె)
రాయకు. ఈ పరీక్ష ఒకవైపే కోస్తుంది, ఈ థ్రెడ్‌లో నేను చెప్పదలుచుకున్నది అదొక్కటే. బుల్లి గెలాక్సీలో ముసలి నక్షత్రాలు దొరికాయంటే 'ఇంతకంటే వెచ్చగా ఉండటానికి వీల్లేదు' అని ఒక గీత గీయొచ్చు. అంతవరకే. అదే తిరగేసి, ఓ గెలాక్సీలో నక్షత్రాలు కుర్రవయసులో ఉన్నాయి కాబట్టి డార్క్ మ్యాటర్ వెచ్చనిది అని మాత్రం అనలేం. లియో ఎ అని ఒక మరుగుజ్జు ఉంది, దాని నక్షత్రాల్లో 90 శాతానికి పైగా గత 800 కోట్ల ఏళ్లలో పుట్టినవే. ఇది చూసి 'అదిగో ఆలస్యం' అని ఎగిరే వాళ్లున్నారు. చల్లని మోడల్లో కూడా వాయువు వేడెక్కి బయటికి పోయి, తర్వాత ఎప్పుడో తిరిగొచ్చి పడితే అచ్చం అలాగే ఉంటుంది. వాయువు చేసే అల్లరికీ డార్క్ మ్యాటర్ లక్షణానికీ తేడా బయటికి కనిపించదు.

ఈ గొడవ మాకు కొత్త కాదు. 1999లో చల్లని మోడల్ సిమ్యులేషన్ల ప్రకారం పాలపుంత చుట్టూ వందల చిన్న హేలోలు ఉండాలి, అప్పటికి తెలిసిన ఉపగ్రహ గెలాక్సీలు పదకొండో పన్నెండో. మోడల్ పోయిందన్నారు. ఇప్పుడు తెలిసినవి 60 దాటాయి, మిగతావాటికి గడువు లోపల నక్షత్రాలు పుట్టనే లేదని లెక్క సర్దుకుంది. హేలో మధ్యలో సాంద్రత సూదిమొనలా ఉండాలని మోడల్ అంటే, కొలతల్లో చదునుగా కనిపించింది. మళ్లీ మోడల్ పోయిందన్నారు. 2012కల్లా సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, వాయువుని పదే పదే బయటికి తోస్తుంటే ఆ కుదుపులకి డార్క్ మ్యాటర్ కూడా చెదిరి చదునవుతుందని చూపించారు. మూర్తిగారికి ఇది సర్దుబాటులా కనిపిస్తుంది, సగం రోజులు నాకూ అలాగే కనిపిస్తుంది. సూపర్‌నోవా శక్తిలో ఎంత శాతం వాయువుకి అందుతుందన్న ఒక్క అంకె మారిస్తే నా గెలాక్సీ వయసు పట్టిక మొత్తం అటుదిటు అయిపోతుంది, ఆ అంకె ప్రకృతి నుంచి నేరుగా రాలేదు, మేం పెట్టుకున్నది.

అందుకే వయసుల్ని ఒంటరిగా నమ్మకూడదు. దూరపు క్వేజార్ల (విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రాల) వెలుగు దారిలో హైడ్రోజన్ మబ్బులు మింగిన గీతల్ని చూసి, వెచ్చని కణం బరువు మూడో నాలుగో కిలో ఎలక్ట్రాన్ వోల్టుల కంటే తక్కువ ఉండకూడదని విడిగా ఒక లెక్క ఉంది. అదీ ఇదీ కలిసిన చోటే గట్టి నేల.

తణుకుమూర్తి (తణుకు)
ఇంత నిజాయితీగా మాట్లాడే డార్క్ మ్యాటర్ మనిషిని ఇప్పుడే చూశాను. నా పక్షం మార్చను గానీ, ఒక నమస్కారం.

యానాంకెమెరా (యానాం)
గ్రాఫులు సరే, మన కంటికి ఆనే ముసలి నక్షత్రాలు చెప్తాను. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి పూట అంతర్వేది ఇసుక మీద నిలబడి దక్షిణానికి తిరగండి. సముద్రం గీత నుంచి 26 డిగ్రీల ఎత్తున, అంటే చాచిన చేతికి పిడికిలి మీద పిడికిలి పెట్టి రెండున్నర పిడికిళ్లు, మసకబారిన చుక్క ఒకటుంటుంది. బైనాక్యులర్స్ పెడితే చుక్క కాదు, అంచులు అరిగిన గుండ్రటి పొగ. ఒమెగా సెంటారీ. 17 వేల కాంతి సంవత్సరాల దూరం, దాదాపు కోటి నక్షత్రాలు. ఊళ్లోంచి చూద్దామంటే చెరువుల మీద లైట్లు, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల దగ్గర లైట్లు, దక్షిణం వైపు ఆకాశమంతా పసుపు కొట్టుకుపోయి ఉంటుంది. రాజుగారు ఏమనుకోకండి.

రొయ్యలరాజు (భీమవరం)
అనుకోనులెండి. లైటు లేకపోతే రాత్రి ఏరేటర్ ఆగిన సంగతి తెలీదు, తెల్లారేసరికి చెరువంతా తేలుతుంది. మీ ఒమెగాకి తొందరేం లేదుగా, ఉంటుంది.

లంకమాస్టారు (రాజోలు)
కెమెరా బాబు మంచి ఉదాహరణే ఇచ్చాడు. ఒమెగా సెంటారీలో నక్షత్రాలన్నీ ఒక్క తరానివి కావు, ఇనుము పాళ్లలో చాలా తేడాలున్నాయి. అది ఒకప్పుడు ఒక మరుగుజ్జు గెలాక్సీ నడిబొడ్డు అయి ఉంటుందని, పాలపుంత పై పొరలు ఒలుచుకుని గింజని వదిలేసిందని చాలామంది అభిప్రాయం. అలాంటప్పుడు దాని హేలో కూడా మనదాంట్లో కలిసిపోయినట్టే.

చుక్కలపిచ్చి (అమలాపురం)
అక్కా ఒక్కటి అడిగి ఆపేస్తాను. గడువు దాటిపోయి నక్షత్రాలు పుట్టని హేలోలు మిగిలిపోతాయన్నారు కదా. వాటిల్లో నక్షత్రమే లేకపోతే వయసు చూడటానికి ఏముంటుంది, అవి ఉన్నాయని మాత్రం ఎలా తెలుస్తుంది?

పాలకొల్లుపిల్ల (ప్రస్తుతం పుణె)
వాటి దగ్గర వయసుతో పని అయిపోయింది, బరువుతోనే పట్టుకోవాలి. రెండు దారులు. పాలపుంత చీల్చేసిన గుంపుల నక్షత్రాలు సన్నటి పాయల్లా చుట్టూ తిరుగుతుంటాయి, చీకటి హేలో ఒకటి దగ్గర నుంచి దూసుకుపోతే పాయలో ఖాళీ పడుతుంది. జీడీ-1 అనే పాయలో అలాంటి ఖాళీ ఉంది, దానికి కారణమేంటన్నది వాదనలో ఉంది. రెండోది గురుత్వ కటకం. ముందున్న గెలాక్సీ వెనకున్న దాని వెలుగుని విల్లులా వంచినప్పుడు, దారిలో చిన్న ముద్ద ఉంటే విల్లులో ఒకచోట నొక్కు పడుతుంది. 2025లో ఇలాగే సుమారు పది లక్షల సూర్యుల బరువున్న ముద్ద ఒకటి పట్టుకున్నారు, దాని నుంచి వెలుగేమీ కనపడలేదు. పైన చెప్పిన బుల్లి హేలోల బరువు సరిగ్గా ఆ కొలతే. ఒక్కదానితో ఏమీ తేలదు, అది హేలోనే అని కూడా ఇంకా ఖాయం కాలేదు. చిలీలో వెరా రూబిన్ అబ్జర్వేటరీ 8.4 మీటర్ల అద్దంతో 2025 జూన్‌లో మొదటి ఫోటోలు ఇచ్చింది, అది ఆకాశాన్ని జల్లెడ పట్టేకొద్దీ ఇలాంటి కటకాలు, పాయలు, మసక మరుగుజ్జులు ఎక్కువే దొరకాలి. అప్పుడు ఆ బరువు ముద్దలు చల్లని మోడల్ చెప్పినన్ని ఉంటే వెచ్చనిదానికి చోటు లేదు. చాలా తక్కువ తేలితే మాత్రం ఆ లోటుని వాయువు మీదకి నెట్టలేం, ఎందుకంటే అక్కడ వాయువే లేదు, నా సూపర్‌నోవా అంకె అక్కడ పనిచెయ్యదు.